కుర్తుబా జర్రాహ్ అబుల్ ఖాసిమ్ జహ్రావీ

మన ఇళ్ళలో పథరీ అని పిలుచుకునే మూత్రపు రాయి ఎంత బాధపెడుతుందో, అది వచ్చినవారిని అడిగితే తెలుస్తుంది. ఆ రాయి మూత్రానికి అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. వెయ్యేళ్ళ క్రితం ఈ ముప్పుకు ఉపాయాలు రాసిపెట్టిన జర్రాహ్, అంటే శస్త్రవైద్యుడు, అబుల్ ఖాసిమ్ జహ్రావీ.

ఆయన క్రీ.శ. 936 ప్రాంతంలో, అందలుస్ అని పిలిచే నాటి ముస్లిమ్ స్పెయిన్‌లో, కుర్తుబా పక్కనున్న మదీనతుజ్ జహ్రాలో జన్మించారు. ఊరి పేరే ఆయన పేరులో చేరింది. సుమారు ఏభై ఏళ్ళ అనుభవాన్ని 'అత్తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథంగా రాశారు. చివరి భాగమంతా శస్త్రచికిత్సే. అందులో దాదాపు 200 పనిముట్ల బొమ్మలున్నాయి.

మూత్రం బిగిస్తే ఆయన సన్నని వెండి గొట్టం వాడేవారు. దాని కొసలో దారం కట్టిన ఉన్ని పెట్టి, నూనె రాసి, నెమ్మదిగా లోపలికి పంపి దారం లాగితే, ఉన్ని వెనకే మూత్రం వచ్చేది. ఇక రాయి మూత్రమార్గంలోనే ఇరుక్కుంటే, అది వెనక్కి జారకుండా పైనుంచి దారం కట్టి, కర్రపిడి ఉన్న సన్నని ఇనుప బరమాను మెల్లగా తిప్పుతూ రాతికి రంధ్రం చేసేవారు. మూత్రం వెంటనే కదిలేది. మిగిలిన రాతిని బయటినుంచి వేళ్ళతో నొక్కి నలిపితే ముక్కలు మూత్రంతో పోయేవి. తరిమెన మీద లక్కబొమ్మలు చేసే మన నర్సీపట్నం వైపు ఏటికొప్పాక వారికి ఆ చేతి నిదానం ఎంత అవసరమో వేరే చెప్పాలా!

మూత్రాశయంలోని పెద్ద రాయికోసం పెద్ద కోత పెట్టడం అజ్ఞానమన్నది ఆయన తీర్పు. అలా చేస్తే రోగి చనిపోవచ్చు, లేదా జీవితాంతం మూత్రం కారుతూ ఉండవచ్చు. అందుకే పట్టకారుతో రాతిని లోపలే చితక్కొట్టి ముక్కలుగా తీయమన్నారు. ఒక్క రాయి మిగిలినా అది మళ్ళీ పెరుగుతుందని హెచ్చరించారు. ఈనాడు షాక్ తరంగాలతో, లేజర్‌తో రాళ్ళు పగలగొట్టే డాక్టర్లు ముక్కలేమైనా మిగిలాయా అని స్కానింగ్ తీసేది అందుకే. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగమనేది కూడా రాయి తిరగబెట్టకుండా ఉండటానికే. నొప్పి తగ్గగానే మనవాళ్ళు ఈ రెండూ మానేస్తారు.

స్త్రీలకు రాయి వస్తే నేర్పరి అయిన వైద్యురాలిని వెతకాలని, దొరకకపోతే శీలవంతుడైన వైద్యుడు అనుభవమున్న స్త్రీ సాయంతో చికిత్స చేయాలని రాశారు. పరదా పేరిట చికిత్సే మానమని ఆయన చెప్పలేదు. ఇది మా దృష్టిలో చాలా పెద్ద మాట.

జహ్రావీ 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో తులైతులాలో, అంటే నేటి టొలేడోలో, క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఆ చివరి భాగాన్ని లాటిన్‌లోకి మార్చారు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలపాటు యూరప్ వైద్యులు ఆ బొమ్మలు చూసే పనిముట్లు చేయించుకున్నారు.