డాక్టర్ ఐడా స్కడర్ గారు

మన తెలుగువారికి రాయవెల్లూరు ఆసుపత్రి కొత్త కాదు. జబ్బు ముదిరితే మనం స్థిరపడిన ఊళ్ల నుండి కూడా రోగులను అక్కడికి తీసుకుపోతూనే ఉన్నాము. దానికి పునాది వేసిన ఐడా సోఫియా స్కడర్ గారిని ఈమారు జ్ఞాపకం చేసుకుందాము.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాత, తండ్రి ఇద్దరూ మిషనరీ వైద్యులే. ఐడా గారు మాత్రం అమెరికాలోనే ఉండిపోదామనుకున్నారు. తల్లి జబ్బుపడినందున 1890లో తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని ఆమెను బతిమాలారు. వారిలో బ్రాహ్మణుడున్నాడు, మహమ్మదీయుడున్నాడు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన తండ్రిని పిలుచుకుపొమ్మంటే, పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదని ముగ్గురూ వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. దానితో ఆమె వైద్యం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

1899లో కార్నెల్ కళాశాలలో పట్టా పొంది, 1900లో రాయవెల్లూరు చేరారు. కొద్ది నెలలకే తండ్రి మరణించారు. ఆయన దగ్గర అనుభవం సంపాదిద్దామన్న ఆశ అంతటితో సరి. అయినా రెండేండ్లలో 5,000 మందికి వైద్యం చేశారు. న్యూయార్కు బ్యాంకరు ఒకాయన తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు. గుడియాత్తం దారిలో చెట్ల క్రింద ఆగి పల్లె రోగులను చూసేవారు.

అయితే ఒక్కరు ఎన్ని ఇండ్లకు పోగలరు? అందుకే 1909లో నర్సుల బడి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభించారు. ముగ్గురు ఆడపిల్లలైనా చేరరని ప్రభుత్వ వైద్యాధికారి అనుకున్నారు. 151 దరఖాస్తులు వచ్చాయి! మొదటి ఏడాది పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు.

తరువాత ప్రభుత్వం ఎల్.ఎమ్.పి. చదువును తీసివేయ నిర్ణయించింది. డిగ్రీ కళాశాల కాకుంటే పాఠశాల మూతపడవలసినదే. డెబ్బై ఏండ్ల వయసులో ఆమె విరాళాలకు అమెరికా వెళ్లారు. తనను ఆదరించిన స్త్రీలలో కొందరు నొచ్చుకున్నా, పురుష విద్యార్థులను చేర్చుకోవడానికి కూడా ఒప్పుకున్నారు. 1942లో ఎమ్.బి.బి.ఎస్. మొదలైంది. ఆమె 1960 మేలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు.

ఆ రాత్రి లేక పోయినది ఒక్క స్త్రీ వైద్యురాలే. ఆమె వందలమందిని తయారు చేశారు. చదువుకోగల ఆడపిల్ల ఇంట ఉంటే ఆమె చదువు ఆపవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాము.