గుడ్లు పగలకుండా పొలం దాటాల్సిన కారు

ఖాళీగా ఆగి ఉన్న పికప్‌ను ఎప్పుడైనా పక్క నుంచి గమనించారా? ముందు కంటే వెనక భాగం కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. అది తయారీలో జరిగిన పొరపాటు కాదు. వెనక సరుకు పడగానే ఆ భాగం దిగి, బండి సమానంగా నిలబడాలని అలా చేస్తారు. ఇది తెలియక కొందరు ముందు వైపు స్పేసర్లు పెట్టించి బండిని లెవెల్ చేయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. లోడెక్కాక మాత్రం వెనక కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. పోనీ వెనక గట్టి కమాన్ కట్టలు వేద్దామంటే, ఖాళీగా వెళ్లేటప్పుడు ప్రతి గుంతకూ బండి ఎగిరెగిరి పడుతుంది.

మరి లోడున్నా లేకపోయినా ముందూ వెనకా సమానంగా ఉండాలంటే ఏం చేయాలి? రేపు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే మనలో చాలామంది నేరుగా స్ప్రింగ్ సైజు దగ్గరికి వెళ్లిపోతాం. సుమారు తొంభై ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఒకాయన స్ప్రింగ్ ఊసే ఎత్తలేదు. గుడ్ల బుట్ట గురించి మాట్లాడారు. ఆయన పేరు పియర్ జూల్ బులాంజే. ప్రపంచం 2సీవీ అని పిలుచుకునే సిట్రోయెన్ బుల్లి కారు వెనకున్న మనిషి. ఆయన చదివింది ఇంజినీరింగ్ కూడా కాదు.

తిన్నగా సాగని కెరీర్

బులాంజే 1885 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లో పుట్టారు. లలిత కళల చదువు మొదలుపెట్టారు. సైనిక సేవలో ఉన్నప్పుడు టైర్ల కంపెనీ కుటుంబానికి చెందిన మార్సెల్ మిషెలిన్‌తో స్నేహం కుదిరింది. ఆ తర్వాత పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్లారు. దొరికిన పనల్లా చేశారు. సియాటిల్‌లో ఆర్కిటెక్టుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీశారు. అక్కణ్నుంచి కెనడాలోని విక్టోరియాకు చేరి ఇళ్లు కట్టే సొంత కంపెనీ పెట్టారు.

అంతా కుదురుకుంటోంది అనుకునేలోపే 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అన్నీ వదిలేసి స్వదేశానికి తిరిగొచ్చారు. విమానాల నుంచి శత్రు స్థావరాల ఫొటోలు తీసే పనిలో చేరి, కెప్టెన్‌గా బయటికొచ్చారు. యుద్ధం అయ్యాక పాత స్నేహం అక్కరకొచ్చి మిషెలిన్ కంపెనీలో చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటింది. రెజ్యూమెలో ఒక ఏడాది గ్యాప్ ఉందని నిద్ర పట్టని వాళ్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోవచ్చు.

1934 చివర్లో సిట్రోయెన్ కంపెనీ దివాలా తీసింది. దానికి ఎక్కువ అప్పు ఇచ్చిన మిషెలినే పగ్గాలు తీసుకుంది. కంపెనీని గాడిలో పెట్టడానికి పంపిన వారిలో బులాంజే ఒకరు. 1937 చివర్లో సిట్రోయెన్ అధిపతిగా ఉన్న పియర్ మిషెలిన్ కారు ప్రమాదంలో చనిపోయారు. దాంతో కంపెనీ మొత్తం బులాంజే చేతికి వచ్చింది.

స్పెసిఫికేషన్‌లో గుడ్లు

అప్పట్లో ఫ్రాన్స్ పల్లెల్లో రైతులు ఇంకా గుర్రబ్బండి మీదే సంతకు వెళ్లేవాళ్లు. వాళ్ల కోసం ఒక కారు కావాలని బులాంజే తన డిజైన్ ఆఫీసుకు చెప్పారు. ఆ కోరికల జాబితా ఇప్పటికీ ఇంజినీరింగ్ క్లాసుల్లో చెప్పుకునేంత పేరు తెచ్చుకుంది. చెక్క చెప్పులేసుకున్న ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు ఎక్కాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగం చాలు. 100 కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలుకు మించి తాగకూడదు. దున్నిన పొలంలోంచి నడిపినా సీటు మీదున్న బుట్టలో ఒక్క గుడ్డు కూడా పగలకూడదు.

ఇందులో లేనివి ఏంటో చూడండి. స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలి, చక్రం ఎంత ఎత్తు లేవాలి, ఏ లోహం వాడాలి అన్నవేవీ లేవు. వాడేవాడికి చివరికి ఏం జరగాలో మాత్రమే ఉంది. ఎలా అన్నది ఇంజినీర్ల పని. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా దీనికి తలకిందులుగా రాస్తాం. మొదటి లైన్లోనే సెన్సర్ పేరు, బోర్డు పేరు వచ్చేస్తాయి. అది ఎవరికి, ఎందుకు అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు.

చిన్న కారుకు పెద్ద చిక్కు

ఈ ప్రాజెక్టుకు టీపీవీ అని పేరు పెట్టారు. ఫ్రెంచ్‌లో దానర్థం చాలా చిన్న కారు. ఆండ్రే లెఫెవ్ర్ లాంటి దిట్టలు బృందంలో ఉన్నారు. బరువు తగ్గించడం మీద బులాంజేకు ఎంత పట్టుదలంటే, ప్రతి భాగాన్నీ తూకం వేసి, పని చెడకుండా తేలిక చేయడానికే ఒక విభాగం పెట్టారు. ఆయన బాగా పొడగరి. నమూనా కారులో టోపీ పెట్టుకుని కూర్చునేవారు. టోపీ పైకప్పుకు తగిలితే మళ్లీ గీయాల్సిందే.

అసలు చిక్కు ఈ తేలికదనంలోనే ఉంది. పెద్ద కారులో నలుగురు ఎక్కితే దాని మొత్తం బరువులో అది కొంత భాగమే. చివరికి తయారైన 2సీవీ బరువు సుమారు 500 కిలోలు. నలుగురు మనుషులు, కాస్త సామాను ఎక్కితే బండి బరువులో సగానికి పైగా అదనంగా పడినట్టే. ఆ భారంలో ఎక్కువ భాగం వెనకే. అంటే పికప్‌లో మనం చూసిన సమస్యే, ఇంకా ముదిరిన రూపంలో. మెత్తటి స్ప్రింగులు వేస్తే లోడుకు వెనక కుంగిపోతుంది. గట్టివి వేస్తే గుడ్లు పగులుతాయి.

మొదట ఆల్ఫోన్స్ ఫోర్సో రూపొందించిన పరిష్కారంలో వెనక సీటు కింద ఎనిమిది టార్షన్ బార్లు ఉండేవి. టార్షన్ బార్ అంటే మెలిపడి మళ్లీ తిరిగొచ్చే ఉక్కు కడ్డీ, అదే స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. వాటిలో కొన్ని మామూలప్పుడు ఖాళీగా ఉండి, లోడు ఒక హద్దు దాటాకే పనిలోకి దిగేవి. తెలివైన ఏర్పాటే. కానీ భాగాలు ఎక్కువ, ఖర్చు కూడా ఎక్కువే.

1939 మధ్యలో 250 కార్లు ప్రయోగాత్మకంగా కట్టారు. ఆగస్టు 28న ప్రభుత్వ అనుమతి వచ్చింది. అక్టోబర్‌లో పారిస్ మోటార్ షోలో చూపిద్దామని కరపత్రాలు కూడా అచ్చేశారు. సెప్టెంబర్ 3న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. మోటార్ షో లేదు, కారూ లేదు.

దాచిన కార్లు, మార్చిన గీత

జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌ను ఆక్రమించింది. టీపీవీ వాళ్ల చేతికి చిక్కకూడదని బులాంజే నిర్ణయించుకున్నారు. నమూనాల్లో చాలావాటిని ధ్వంసం చేయించారు. కొన్నింటిని రహస్యంగా దాచారు. ఒకదానికి పికప్ వేషం కట్టారు. ఫెర్డినాండ్ పోర్షేను నేరుగా కలవడానికి ఆయన ఒప్పుకోలేదు. జర్మన్ సైన్యానికి లారీలు కట్టక తప్పలేదు కానీ పని నత్తనడక నడిచేది. ఆ లారీల డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీతను కావాలనే తప్పుచోట పెట్టించారని సిట్రోయెన్ చరిత్రలో చెప్పుకుంటారు. చూస్తే ఆయిల్ నిండుగా ఉన్నట్టే ఉంటుంది, కొన్నాళ్లకు ఇంజిన్ పట్టేస్తుంది. మిత్రదేశాల సేనలు వచ్చాక దొరికిన గెస్టపో జాబితాలో, అరెస్టు చేయాల్సిన ముఖ్యుల్లో ఆయన పేరూ ఉంది.

బయట ఇంత జరుగుతున్నా లోపల డిజైన్ పని ఆగలేదు. ఈలోగా అల్యూమినియం ధర బాగా పెరిగింది. తేలిక లోహాలతో కట్టిన ఆ కారును యుద్ధం తర్వాత అమ్మితే గిట్టుబాటు కాదని 1941లో కంపెనీ లోపలి నివేదికే తేల్చింది. అయిదారేళ్ల కష్టం. ఆ స్థితిలో మీరుంటే ఏం చేస్తారు? బులాంజే కారును వదిలేయలేదు, లోహాన్ని వదిలేశారు. బాడీని ఉక్కుతో మళ్లీ గీయించారు. నీళ్లతో చల్లబడే పాత ఇంజిన్‌నూ పక్కనపెట్టారు. వాల్టర్ బెకియా గాలితో చల్లబడే 375 సీసీ ఇంజిన్ రూపొందించారు. గుడ్ల బుట్ట మాత్రం జాబితాలో అలాగే ఉంది.

ముందు చక్రం, వెనక చక్రం మాట్లాడుకుంటే

టార్షన్ బార్లు పోయి వాటి స్థానంలో వచ్చిన ఏర్పాటు చాలా తేలిక. కారుకు ఒక్కో పక్క, నేల వైపున, పొడవునా పడుకోబెట్టిన ఒక ఉక్కు గొట్టం. దానిలో రెండు కాయిల్ స్ప్రింగులు. ముందు చక్రం చేతి నుంచి ఒక కడ్డీ, వెనక చక్రం చేతి నుంచి ఇంకో కడ్డీ వచ్చి ఈ స్ప్రింగులకు కలుస్తాయి. అసలు కిటుకు ఏంటంటే, ఆ గొట్టాన్ని కదలకుండా బిగించేయలేదు. కాస్త ముందుకూ వెనక్కూ జరగగలదు.

ఇప్పుడు ముందు చక్రం గట్టు ఎక్కిందనుకోండి. దాని కడ్డీ ముందుకు లాగుతుంది, స్ప్రింగ్ నొక్కుకుంటుంది, దాంతోపాటు గొట్టం కూడా కాస్త ముందుకు జరుగుతుంది. గొట్టం జరగ్గానే వెనక కడ్డీ లాగబడి, అదే పక్కనున్న వెనక చక్రం కిందికి నొక్కుకుంటుంది. అంటే ముక్కు లేవబోతుంటే వెనక భాగమూ దాంతోపాటు లేస్తుంది. కారు ముందుకూ వెనక్కూ ఊగదు, మొత్తంగా సమానంగా పైకి వెళ్లి దిగుతుంది. మరుక్షణం వెనక చక్రం అదే గట్టు ఎక్కినప్పుడు ఇదంతా తిరగబడి జరుగుతుంది. బుట్టలో గుడ్లను ఎక్కువగా పగలగొట్టేది ఆ ఊగుడే కాబట్టి, సగం పని అక్కడే అయిపోయింది.

ముందు సస్పెన్షన్‌ను ఒక లెక్కగా, వెనక సస్పెన్షన్‌ను ఇంకో లెక్కగా చూసినంతకాలం, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. రెండూ కలిపి ఒకే లెక్క అనుకున్నప్పుడే దారి దొరికింది. అలాగని అన్నీ తీరిపోలేదు. లోడు బాగా పడితే వెనక ఎంతోకొంత దిగుతుంది, లైట్లు పైకి లేస్తాయి. దానికోసం డ్రైవర్ లోపల కూర్చునే హెడ్‌లైట్ల కోణం మార్చుకునే నాబ్ పెట్టారు. యంత్రంతో తీరని మిగులును ఒప్పుకుని, చవకైన ఉపాయంతో సర్దడం కూడా డిజైనే.

నవ్వినవాళ్లే వరుసలో

1948 అక్టోబర్ 7న పారిస్ మోటార్ షోలో 2సీవీ జనం ముందుకొచ్చింది. ఇంజిన్ చూద్దామంటే బానెట్ తెరవనివ్వలేదు. విలేకరులు రేకు డబ్బా అని ఎగతాళి చేశారు. 1949లో తయారీ మొదలైంది, ఆ ఏడాది బయటికొచ్చినవి 876 కార్లే. ఆర్డర్లు మాత్రం పోటెత్తాయి. కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. పని కోసం తిరగక తప్పని పల్లె డాక్టర్లు, పశువైద్యులు, మంత్రసానులు, చిన్న రైతులకు ముందు ఇచ్చారు. బులాంజే జాబితా రాసుకున్నది ఇలాంటి వాళ్ల కోసమే.

1951లో ఇదే కారు 250 కిలోలు మోసే వ్యాన్‌గా వచ్చింది. తర్వాత బ్రిటన్‌లోని స్లావ్ ఫ్యాక్టరీలో పికప్ కూడా కట్టారు. హెలికాప్టర్ ఎత్తగలిగేంత తేలిక కాబట్టి బ్రిటిష్ నౌకాదళం కొన్నింటిని మెరైన్ల కోసం తీసుకుంది.

అవేవీ బులాంజే చూడలేదు. 1950 నవంబర్‌లో క్లెర్మాన్ ఫెరాన్ నుంచి పారిస్ దారిలో, సిట్రోయెన్ కారునే నడుపుతూ ప్రమాదంలో చనిపోయారు. వయసు 65. 2సీవీ తయారీ 1990 జులై 27న పోర్చుగల్‌లో ఆగేనాటికి 38 లక్షలకు పైగా కార్లు రోడ్డెక్కాయి. ఆయన ఉన్నప్పుడు తయారైనవి అందులో కొన్ని వేలు మాత్రమే.

ఈ రాత్రి మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్టు ఒకసారి తెరవండి. మొదటి పేజీలో ఎవరి గుడ్ల బుట్ట ఉందో వెతకండి. కనిపించకపోతే కంగారేం లేదు, ఇంటర్వ్యూకు వెళ్లేలోపు ఆ ఒక్క వాక్యం రాసుకోండి. మీ ప్రాజెక్టు ఎవరికి, ఏ ఇబ్బంది తీరుస్తుందో, తీరిందని ఎలా తెలుస్తుందో చెప్పే వాక్యం. ఎదుటివాళ్లు అడిగే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అక్కడి నుంచే వస్తుంది.