రెండు వారాలకో కొత్త ప్రపంచం

ఫైనలియర్ ప్రాజెక్టు ఎలా నడుస్తుందో సరూర్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నలుగురి బ్యాచ్‌లో ఒకరు కోడ్ రాస్తారు, ఒకరు రిపోర్టు టైప్ చేస్తారు, మిగతా ఇద్దరూ వైవా రోజు టక్ చేసుకుని వస్తారు. మార్కులు మాత్రం నలుగురికీ ఇంచుమించు ఒకటే. తర్వాత ఇంటర్వ్యూలో టీమ్‌లో మీ పాత్ర ఏంటి అని అడిగితే గొంతు తడారిపోతుంది.

ఈ తలనొప్పికి క్లాస్‌రూమ్‌లోనే ఒక దారి కనిపెట్టిన ప్రొఫెసర్ రాండీ పౌష్. ఆయన 2008లో చనిపోయారు. చివరి ప్రసంగం వీడియో చాలామంది చూసే ఉంటారు. అయితే ఆ వీడియో కంటే ఆయన నడిపిన కోర్సే మనకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

పౌష్ 1960లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. తొమ్మిదేళ్లప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి వెళితే, మొదటి రోజు కోచ్ అసలు బంతే తీసుకురాలేదు. మైదానంలో ఇరవై ఇద్దరుంటే ఒక్క క్షణంలో బంతి ఒక్కరి దగ్గరే ఉంటుంది, మిగతా ఇరవై ఒక్కమంది ఏం చేయాలో ముందు నేర్చుకోవాలన్నది ఆయన లెక్క. ఆ కోచ్ పౌష్‌ను బాగా తిట్టేవాడట కూడా. ఎవరూ తిట్టడం లేదంటే మన మీద ఆశ వదిలేసుకున్నారని అర్థం అన్న సంగతి ఆ పిల్లాడికి అప్పుడే తెలిసింది.

బ్రౌన్ యూనివర్సిటీలో డిగ్రీ చదివేటప్పుడు ఆండీ వాన్ డామ్ అనే ప్రొఫెసర్ ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, నీకు తెలివి ఉంది కానీ పొగరుబోతువని జనం అనుకుంటున్నారు, దాంతో నువ్వు సాధించగలిగింది తగ్గిపోతుంది అన్న అర్థంలో మెల్లగా చెప్పారు. 1982లో డిగ్రీ అయ్యాక కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీకి అప్లై చేస్తే ముందు సీటు రాలేదు. వాన్ డామ్ అక్కడి విభాగాధిపతికి ఫోన్ చేసి మాట్లాడారు. రికమండేషనే, కాదనను. కానీ ఆ ఫోన్ ఊరికే రాలేదు, దాని వెనక నాలుగేళ్ల పని ఉంది. 1988లో పీహెచ్‌డీ పూర్తయింది. డిస్నీ థీమ్ పార్కులను డిజైన్ చేసే విభాగంలో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే తిరస్కరణ ఉత్తరం వచ్చింది. దాన్ని ఆయన దాచుకున్నారు. వర్జీనియా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, 1995లో అదే డిస్నీకి వర్చువల్ రియాలిటీ నిపుణుడిగా వెళ్లి అల్లాదీన్ ప్రాజెక్టులో పనిచేశారు.

1997లో మళ్లీ కార్నెగీ మెలన్‌కు, ఈసారి ప్రొఫెసర్‌గా వచ్చారు. అప్పుడు అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కు డీన్ మన రాజ్ రెడ్డి గారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి కూడా చాలాకాలం ఆయనే పెద్ద దిక్కుగా ఉన్నారు.

పౌష్ అక్కడ మొదలుపెట్టిన కోర్సు పేరు బిల్డింగ్ వర్చువల్ వరల్డ్స్. యాభై మంది విద్యార్థులు. అందరూ సీఎస్ఈ కాదు. బొమ్మలు వేసేవాళ్లు, నాటకాలవాళ్లు, డిజైన్‌వాళ్లు కలిసి ఉంటారు. నలుగురేసి చొప్పున టీమ్‌లు. ఎవరితో ఎవరు అన్నది విద్యార్థుల ఇష్టం కాదు. రెండు వారాల్లో ఆడి చూపించగలిగే ఒక వర్చువల్ ప్రపంచం తయారుచేయాలి. అది అవ్వగానే టీమ్ రద్దు, కొత్త టీమ్, మళ్లీ రెండు వారాలు. సెమిస్టర్‌లో ఇలా ఐదుసార్లు. కాల్పులతో హింస ఉండకూడదు, అశ్లీలం ఉండకూడదు. మిగతాది మీ ఇష్టం.

ఈ నియమాల్లో కిటుకు ఉంది. స్నేహితుల బ్యాచ్ కాదు కాబట్టి మొహమాటాలుండవు. రెండే వారాలు కాబట్టి నచ్చని టీమ్‌మేట్‌ను భరించొచ్చు, కానీ పని వాయిదా వేయడం కుదరదు. కోడర్‌కు బొమ్మ వేయడం రాదు, బొమ్మ వేసేవాడికి కోడ్ రాదు, కాబట్టి ఎవరూ ఖాళీగా కూర్చోలేరు.

మొదటి రెండు వారాల పని చూసి పౌష్ బిత్తరపోయారు. తాను ఊహించినదానికంటే చాలా బాగుంది. తర్వాత ఏం అడగాలో తోచక పాత గురువు వాన్ డామ్‌కే ఫోన్ చేశారు. బాగుంది, కానీ ఇంతకంటే బాగా చేయగలరని చెప్పి వదిలెయ్యమని ఆయన సలహా. గీత ఎక్కడ గీయాలో నీకే తెలియనప్పుడు ఎక్కడ గీసినా వాళ్లకు నష్టమేనన్నది అందులోని తర్కం. గైడ్‌గా ఉండడంలో ఇంతకంటే కష్టమైన పని నాకు కనిపించదు. పిల్లల పని బాగున్నప్పుడు నోరు అదుపులో పెట్టుకోవడం! సెమిస్టర్ చివర్లో ఆడిటోరియంలో ప్రదర్శన పెడితే జనం కిక్కిరిసి వచ్చేవారు.

ఇక అసలు సంగతి మార్కులు. ప్రతి ప్రాజెక్టు తర్వాత టీమ్‌మేట్లే ఒకరికొకరు మార్కులు వేసేవారు. కష్టపడ్డాడా, కొత్త ఆలోచన తెచ్చాడా, ఇతనితో పనిచేయడం సులువా కష్టమా అన్నవే ప్రశ్నలు. చివర్లో ప్రతి ఒక్కరికీ ఒక చార్టు చేతికొచ్చేది, తన స్థానం ఎక్కడో చూపిస్తూ. ఒకతను అట్టడుగు పాతిక శాతంలో ఉన్నా పర్లేదులే అన్నట్టు ఉంటే, పౌష్ కూర్చోబెట్టి, నువ్వు పాతిక శాతంలో ఎక్కడో కాదు, యాభై మందిలో చిట్టచివర ఉన్నావని విప్పి చెప్పారు. ఒకప్పుడు తానూ అలాంటివాడినేనని, తనకు ఒకరు చెప్పారని కూడా అన్నారు. నిజం చెప్పాలంటే మన కాలేజీల్లో ఈ చార్టు పెడితే హాస్టల్ రూముల్లో గొడవలవుతాయి. అయినా ఒక్కసారి పెట్టి చూడాలి. కంపెనీలో చేరిన ఏడాదికి అప్రైజల్ పేరుతో ఇదే ఎదురవుతుంది, అప్పుడు జీతం మీద ప్రభావంతో సహా.

నాటక విభాగం ప్రొఫెసర్ డాన్ మారినెల్లితో కలిసి పౌష్ ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ స్థాపించారు. పుస్తకాల పాఠాల కంటే ప్రాజెక్టులే ప్రధానంగా ఉండే రెండేళ్ల మాస్టర్స్ అది. ఆటలు తీసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లోనూ కొంతకాలం పనిచేసి వచ్చారు. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. కథ చెబుతూ ప్రోగ్రామింగ్ నేర్పే ఆలిస్ సాఫ్ట్‌వేర్ ఆయన బృందం తెచ్చిందే. ఇప్పటికీ ఉచితం.

2006లో ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. 2007 సెప్టెంబర్ 18న చివరి ప్రసంగం ఇచ్చారు. 2008 జులై 25న, 47 ఏళ్లకే, భార్యను, ముగ్గురు చిన్నపిల్లల్ని వదిలి వెళ్లిపోయారు.

ఆ కోర్సులో ఆయన ఇచ్చే బహుమతుల్లో ఒకదాని పేరు మొదటి పెంగ్విన్. నీళ్లలో ఏ జంతువు పొంచి ఉందో తెలియనప్పుడు ఏదో ఒక పెంగ్విన్ ముందు దూకాలి కదా. అందరికంటే పెద్ద సాహసం చేసి, అనుకున్నది చేయలేక విఫలమైన టీమ్‌కు అది దక్కేది. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టులో ఏది పని చేయలేదు అని అడిగితే ఆ టీమ్ దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్ సైన్స్ భవనాన్ని నాటక విభాగం ఉన్న భవనంతో కలిపే నడక వంతెనకు ఇప్పుడు ఆయన పేరే. దాని పక్క రేకుల్లో పెంగ్విన్ ఆకారాలు కోసి ఉంటాయి, రాత్రిపూట వాటి మీద రంగురంగుల లైట్లు వెలుగుతాయి.