జెపారా అమ్మాయి కార్తినీ

అమెరికా రాకముందు మేము నాలుగేళ్ళు జకార్తాలో ఉన్నాం. మావారికి అక్కడ బట్టల మిల్లులో ఉద్యోగం. మా అమ్మాయిని అక్కడే బడిలో వేశాం. ఓ ఏప్రిల్ నెలలో బడి నుంచి కాగితం తెచ్చింది. 21వ తారీకున ఆడపిల్లలందరూ కెబాయా వేసుకుని, కొప్పు పెట్టుకుని రావాలట. కెబాయా అంటే పొడుగు చేతుల బిగుతు రవిక, కింద బాతిక్ గుడ్డ చుట్టుకుంటారు. మన సంక్రాంతికి పిల్లలకు పరికిణీలు కట్టినట్టే కాబోలు అనుకుని బజారుకెళ్ళి కొనుక్కొచ్చాను. ఆ రోజు ఎవరి పుట్టినరోజో అడగాలని కూడా తోచలేదు.

పక్కింటావిడ రిటైరైన టీచరు. నా అజ్ఞానానికి నవ్వి, దాచుకున్న పాత పదివేల రుపయా నోటు తెచ్చి, దాని మీద బొమ్మ చూపించింది. తర్వాత ఒక పుస్తకం ఇచ్చింది. కార్తినీ ఉత్తరాలకు ఇంగ్లీషు అనువాదం అది.

కార్తినీ 1879 ఏప్రిల్ 21న మధ్య జావాలో జెపారా దగ్గర మాయోంగ్‌లో పుట్టింది. అప్పుడు అదంతా డచ్చివారి పాలన. తండ్రి సోస్రోనింగ్రాట్ తరువాత జెపారాకు బుపాతి అయ్యాడు. బుపాతి అంటే డచ్చివారి కింద జిల్లాను ఏలే స్థానిక ప్రభువు. తల్లి న్గాసిరా ఒక మతగురువు కూతురు, రాచకుటుంబం కాదు. బుపాతి కావాలంటే పట్టపు భార్య రాచబిడ్డ అయి ఉండాలి. అందుకని ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ముందు కాపురానికొచ్చిన న్గాసిరా ఆ ఇంట్లోనే రెండో స్థానంలోకి వెళ్ళింది. బహుభార్యాత్వం మీద కార్తినీ కోపం పుస్తకాలు చదివి తెచ్చుకున్నది కాదు.

తండ్రి మాత్రం ఆ రోజుల్లో చాలా అరుదైన పని చేశాడు. కూతుళ్ళను డచ్చి బడికి పంపాడు. పన్నెండేళ్ళు రాగానే ఆ చదువూ అయిపోయింది. కులీనుల ఆడపిల్లలు పెళ్ళయ్యేదాకా ఇల్లు కదలకూడదు, దాన్ని పింగితాన్ అంటారు. మన వైపు ఘోషా లాంటిదే. అన్న సోస్రోకార్తోనో తెచ్చిచ్చిన పుస్తకాలే ఆమెకు తోడు. చెల్లెళ్ళు రుక్మిణీ, కార్దినా కూడా ఆ గోడల మధ్యే పెరిగారు. (రుక్మిణి అన్న పేరు చూసి నాకెంత ముచ్చటేసిందో!)

1899లో ఆమె ఒక డచ్చి మహిళా పత్రికలో కలం స్నేహం కోసం ప్రకటన ఇచ్చింది. ఆమ్‌స్టర్‌డాంలో పోస్టాఫీసు ఉద్యోగిని, స్టెల్లా జేహాందెలార్, జవాబు రాసింది. ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. కానీ కార్తినీ మనసు విప్పింది ఆమె దగ్గరే. బిరుదులేమీ వద్దు, నన్ను ఉత్త కార్తినీ అని పిలువు అని మొదట్లోనే చెప్పేసింది. మనవాళ్ళ సంగతి కూడా కార్తినీ ఉత్తరాల్లో ఉంది. చిన్నప్పుడు పత్రికలో పండిత రమాబాయి గురించి చదివి, తెల్లవాళ్ళే కాదు, నల్లని స్త్రీ కూడా తన కాళ్ళ మీద నిలబడగలదని పొంగిపోయిందట.

చదువుకోవాలి, టీచరు కావాలి, ఆడపిల్లల బడి పెట్టాలి. ఇదీ ఆమె కోరిక. 1902లో వాన్ కోల్ అనే డచ్చి పార్లమెంటు సభ్యుడు జెపారా వచ్చి, హాలెండు చదువుకు దారి చూపించాడు. విద్యాశాఖాధిపతి ఆబెందానోన్, ఆమె శ్రేయస్సు కోరేవాడే, 1903 జనవరిలో స్వయంగా వచ్చి వద్దని నచ్చజెప్పాడు. ఆమె హాలెండు మానుకుని బటావియా చదువు చాలంది. ఆ ఏడాదే ఇంట్లో చిన్న బడి కూడా పెట్టింది. బటావియా చదువుకు డబ్బు మంజూరయ్యే సమయానికి రెంబాంగ్ బుపాతి నుంచి సంబంధం వచ్చింది. ఆయన వయసులో చాలా పెద్దవాడు. ఇంట్లో వేరే భార్యలూ, పిల్లలూ ఉన్నారు. తండ్రికి ఆరోగ్యం బాగాలేదు. కార్తినీ ఒప్పుకుంది.

అక్కడ నేను పుస్తకం మూసేశాను. పెళ్ళి కుదిరిందని ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో వదిలేసినదాన్ని నేను. కోపం ఆమె మీదో నా మీదో తేలలేదు. ఇన్ని రాసి చివరికి ఇదేనా అని పక్కింటావిడతో వాదించాను. ఆవిడ వాదించలేదు. మిగతా పేజీలు చదివి అప్పుడు రమ్మంది.

చదివాను. తనకు మంజూరైన 4,800 గిల్డర్లు వృథా పోకూడదని, వాటిని సుమత్రాకు చెందిన ఆగుస్ సాలిమ్ అనే విద్యార్థికి ఇమ్మని ఆమె కోరింది. ఆ కుర్రవాడే తరువాత స్వతంత్ర ఇండోనేషియాకు విదేశాంగ మంత్రి. పెళ్ళికి షరతులు కూడా పెట్టింది. వధువు వరుడి ముందు మోకరిల్లి పాదాలకు మొక్కే తంతు ఉండకూడదు, రెంబాంగ్‌లో బడి నడుపుకోనివ్వాలి. రెండూ ఆయన ఒప్పుకున్నాడు. 1903 నవంబరులో పెళ్ళి. 1904 సెప్టెంబరు 13న కొడుకు సుసాలిత్ పుట్టాడు. నాలుగు రోజులకు, 17న, కార్తినీ పోయింది. ఇరవై అయిదేళ్ళు.

1911లో ఆబెందానోన్ ఆ ఉత్తరాల్ని హాలెండులో పుస్తకంగా వేశాడు. వాటిని చదివినవాళ్ళు పెట్టిన కార్తినీ నిధితో సెమరాంగ్‌లోనూ, జావాలోని మరికొన్ని పట్టణాల్లోనూ ఆడపిల్లలకు కార్తినీ బడులు వెలిశాయి. అయితే ఆయన తనకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగాలు తీసేశాడు. అవి పూర్తిగా బయటికి వచ్చింది 1987లోనే. ఈలోగా 1964లో సుకర్నో ఆమెను జాతీయ వీరవనితగా ప్రకటించి పుట్టినరోజును పండగ చేశాడు. ఆ తరువాతి ప్రభుత్వ కాలంలో అది కెబాయాల పోటీలుగా, వంటల పోటీలుగా మారిందని పక్కింటావిడ బాధ.

మరుసటి ఏడు ఏప్రిల్‌కు మా అమ్మాయి కెబాయాతో పాటు ఒక బొమ్మ కూడా గీసి పట్టుకెళ్ళింది. కింద కార్తినీ అని పెద్ద అక్షరాలతో రాసింది. సాయంత్రం తిరిగొచ్చిన కాగితం మీద, ఆ పేరుకు ముందు, టీచరు ఎర్రసిరాతో రాదెన్ అజెంగ్ అని బిరుదు చేర్చి దిద్దింది.