క్రిస్టెన్ నీగార్డ్

క్రిస్టెన్ నీగార్డ్ (1926 ఆగష్టు 27 - 2002 ఆగష్టు 10) నార్వే దేశానికి చెందిన గణిత, కంప్యూటరు శాస్త్రవేత్త. ఓలె-యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే కంప్యూటరు భాషను రూపొందించాడు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పద్ధతికి ఈ భాషే మూలము.

జీవిత విశేషాలు

నీగార్డ్ ఓస్లో నగరంలో జన్మించాడు. 1948 నుండి 1960 వరకు నార్వే రక్షణ పరిశోధనా సంస్థలో పనిచేస్తూనే 1956లో ఓస్లో విశ్వవిద్యాలయము నుండి గణితంలో స్నాతకోత్తర పట్టా పొందాడు. 1960లో నార్వే కంప్యూటింగ్ కేంద్రములో చేరాడు. మనుషులు, యంత్రాలు కలిసి పనిచేసే వ్యవస్థలను కంప్యూటరులో అనుకరించి చూడటం ఇతని ప్రధాన ఆసక్తి. అందుకు తగిన భాష కావాలన్న అవసరం నుండే సిమ్యులా పుట్టింది.

వంతెన వద్ద వరుస

1966 చివరలో నీగార్డ్, డాల్ ఒక ఉదాహరణతో కుస్తీ పడుతున్నారు. వంతెన దగ్గర సుంకపు గేటు, దాని ముందు వాహనాల వరుస. వాటిలో కొన్ని బస్సులు, కొన్ని లారీలు. జహీరాబాదు మీదుగా పోయే 65వ జాతీయ రహదారి వంటి దారిలో టోల్ గేటు వద్ద ఆగినవారికి ఈ చిక్కు సులభంగా బోధపడుతుంది. బస్సుకు ప్రయాణికుల లెక్క ముఖ్యం, లారీకి సరుకు బరువు ముఖ్యం. వరుసకు మాత్రం ఈ వివరాలతో పని లేదు. ఎవరి వెనుక ఎవరున్నారో తెలిస్తే చాలు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క వరుసను వ్రాస్తూ పోతే, రేపు ట్రాక్టరు వచ్చినపుడు మళ్ళీ మొదటికే రావాలి.

వరుసలో నిలబడటానికి కావలసిన లక్షణాలను ఒక క్లాసుగా వ్రాసి, దానిని బస్సు, లారీ క్లాసులకు ముందు అతికించడమే వారు కనుగొన్న పరిష్కారం. 1967లో వెలువడిన సిమ్యులా 67లో ఇదే ఉపక్లాసు అయినది. దీనికి తోడు వర్చువల్ ప్రొసీజరు వచ్చింది. దీనివలన ఒకే పేరుతో పిలిచినా ప్రతి వస్తువూ తన క్లాసులో వ్రాసిన పద్ధతిలో పని చేస్తుంది.

అయితే సిమ్యులాలో ఒక క్లాసుకు ముందు ఒక్క క్లాసునే అతికించవచ్చు. 1995లో విడుదలైన జావా భాషలోని ఇంటర్‌ఫేస్ ఈ ముడిని సడలించింది. ఇంటర్‌ఫేస్‌లో ప్రధానంగా ఉండేవి చేయవలసిన పనుల పేర్లు. వాటిని నెరవేర్చే క్లాసులు, వాటి మధ్య ఏ చుట్టరికమూ లేకపోయినా, ఒకదాని స్థానంలో మరొకటి నిలువగలవు. విద్యార్థులు తరచుగా ఇంటర్‌ఫేస్‌ను, వారసత్వాన్ని ఒకటిగా పొరబడే చోటు ఇదే.

ఇతర కృషి

1970ల ఆరంభంలో నీగార్డ్ నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశాడు. కర్మాగారంలోకి వచ్చే కంప్యూటర్ల గురించి కార్మికులకు తెలియాలి, వాటి విషయంలో వారి మాటకు విలువ ఉండాలి అన్నది ఇతని పట్టుదల. సిమ్యులా అంత ముఖ్యమైన ఈ పని మన పాఠ్యపుస్తకాలలో కనబడదు. 1994 ప్రజాభిప్రాయ సేకరణలో నార్వే ఐరోపా సమాఖ్యలో చేరడానికి నిరాకరించినపుడు, ఆ వ్యతిరేక ఉద్యమానికి నాయకుడు ఇతడే.

పురస్కారము, మరణము

2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం డాల్, నీగార్డ్‌లకు కలిపి లభించింది. 2002 జూన్ 29న డాల్ మరణించాడు. సరిగ్గా ఆరు వారాలకు నీగార్డ్ కూడా కన్నుమూశాడు.