కేంబ్రిడ్జ్ ఎన్నికల్లో గెలిచిన చిత్తూరు కుర్రాడు.. బెజవాడ యూనివర్సిటీకి తొలి వీసీ! కట్టమంచి కథ తెలుసా?

ఆంధ్ర యూనివర్సిటీ అనగానే ఎవరికైనా వైజాగ్ బీచ్ రోడ్డే గుర్తొస్తుంది. కానీ ఆ యూనివర్సిటీ పుట్టింది విజయవాడలో. అప్పట్లో బెజవాడ అనేవాళ్లు. 1926 నుంచి 1930 దాకా యూనివర్సిటీ హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే ఉంది. ఆ నాలుగేళ్లూ వైస్ ఛాన్సలర్ కుర్చీలో కూర్చున్నాయన స్టూడెంట్‌గా ఉన్నప్పుడే ఇంగ్లండ్‌లో ఎన్నికల్లో నిలబడి గెలిచారు. ఓటేసిన వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే. అప్పటికి మన దేశం వాళ్ల చేతుల్లో ఉంది.

ఆయన పేరు కట్టమంచి రామలింగారెడ్డి. ఇంగ్లిష్ పేపర్లలో సీఆర్ రెడ్డి. ఏలూరు వైపు వాళ్లకైతే ఈ పేరు కొత్త కాదు, సీఆర్‌ఆర్ కాలేజీ అంటే ఆయన పేరు మీద పెట్టిందే.

1880 డిసెంబర్ 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు చిత్తూరు టౌన్‌లో కలిసిపోయింది. పైచదువుకి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అక్కడ తెలుగు విద్యార్థులకు భాషాభిరంజని అనే సంఘం ఉండేది. ఆ సంఘం పెట్టిన కవిత్వ పోటీకి ఆయన ముసలమ్మ మరణం అనే కావ్యం రాసి ప్రైజ్ కొట్టారు. అది 1899. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణం ఇచ్చిన ఓ కోడలి కథ అది. రాజులు, దేవుళ్ల కథలే కావ్యాలుగా చలామణి అయ్యే రోజుల్లో పల్లెటూరి ఆడమనిషిని హీరోయిన్‌ని చేశాడీ పందొమ్మిదేళ్ల కుర్రాడు. తెలుగు సాహిత్యం చదివేవాళ్లు ఇప్పటికీ ఆయన్ని ముందుగా దీంతోనే గుర్తుపెట్టుకుంటారు. మనం మాత్రం ఇక్కడ ఎన్నికల సంగతి చూద్దాం.

ఓట్లు ఎలా పడేవి?

ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చింది. 1902లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లారు. కేంబ్రిడ్జ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీ, హిస్టరీ సబ్జెక్ట్. చదువులో ఫస్ట్ క్లాస్. ఆ పక్కనే ఇంకో పనిలో పడ్డారు. అదే కేంబ్రిడ్జ్ యూనియన్.

ఇది మనం అనుకునే స్టూడెంట్ యూనియన్ లాంటిది కాదు. ఫీజులు, హాస్టళ్లు, మెస్ గొడవల జోలికి పోదు. 1815లో మొదలైన డిబేటింగ్ సొసైటీ. బ్రిటన్ పార్లమెంట్‌కి చిన్న నకలు అనుకోండి. హాల్లో అటోళ్లు అటు, ఇటోళ్లు ఇటు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు తీర్మానం పెడతారు, ఇంకొకరు ఎదిరిస్తారు. మధ్యలో సభ్యులు లేచి ప్రశ్నలేస్తారు, ఎగతాళి చేస్తారు. చివర్లో ఓటింగ్. అక్కడ బాగా మాట్లాడిన కుర్రాళ్లు తర్వాత నిజం పార్లమెంట్‌లో మంత్రులుగా తేలేవాళ్లు. అందుకే యూనియన్‌లో ఒక పదవి దొరికిందంటే లండన్ రాజకీయాల్లోకి పాస్ దొరికినట్టే.

ఏడాదికి మూడు టర్మ్‌లు. ప్రతి టర్మ్‌కీ ఎన్నిక. సెక్రటరీ, వైస్ ప్రెసిడెంట్, ప్రెసిడెంట్.. ఇదీ వరస. ర్యాలీలు, ఫ్లెక్సీలు ఉండవు. వారం వారం డిబేట్‌లో నువ్వెలా మాట్లాడావో చూసినవాళ్లే నీకు ఓటరు. అంటే క్యాంపెయిన్ మొత్తం నోటి మీదే. అదీ నీది కాని భాషలో, నీ దేశాన్ని ఏలుతున్న వాళ్ల పిల్లల ముందు.

ఇది ఎంత కష్టమో తెలియాలంటే జవహర్‌లాల్ నెహ్రూ సంగతి చూడాలి. కట్టమంచి వెళ్లిపోయాక 1907లో ఆయన కేంబ్రిడ్జ్‌లో చేరారు. ట్రినిటీ కాలేజీలో ఇంకో చిన్న డిబేటింగ్ క్లబ్ ఉండేది. టర్మ్ మొత్తంలో ఒక్కసారి కూడా మాట్లాడకపోతే ఫైన్ కట్టాలని దాని రూల్. నెహ్రూ చాలాసార్లు ఫైనే కట్టారు. నలుగురి ముందు లేచి మాట్లాడాలంటే బిడియం. తర్వాత లక్షల మంది ముందు మాట్లాడిన మనిషి పరిస్థితే అలా ఉంటే, చిత్తూరు నుంచి వెళ్లిన కుర్రాడు ఆ పెద్ద హాల్లో నిలబడి ఓట్లు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు.

అలా యూనియన్‌కి వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికయ్యారు. ఆ పదవికి ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. ప్రెసిడెంట్ కుర్చీ దాకా మాత్రం వెళ్లలేదు. అప్పట్లో అదే యూనియన్‌కి ప్రెసిడెంట్‌గా చేసిన ఒకాయన పేరు జాన్ మేనార్డ్ కీన్స్. అవును, ఎకనామిక్స్ పుస్తకాల్లో కనిపించే కీన్సే. 1905లో ఆయన యూనియన్ ప్రెసిడెంట్. యూనివర్సిటీ లిబరల్ క్లబ్‌లోనూ కీన్స్, కట్టమంచి కలిసి పనిచేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పరాయి దేశం కుర్రాడికి ఓటేసేంత పెద్ద మనసున్న ఆ యూనియన్, ఆడపిల్లలకు మాత్రం సభ్యత్వం ఇవ్వలేదు. ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 1963లో.

ఇంకోవైపు అదే రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1905లో బెంగాల్‌ని విడగొట్టారు. వందేమాతరం గాలి ఇటు కూడా తగిలింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ బెజవాడ, మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి ఉపన్యాసాలిచ్చారు. రాజమండ్రిలో స్టూడెంట్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటికి పంపేశారు. మరుసటి ఏడాది ఆయన జైలుకి కూడా వెళ్లారు. అంటే ఒకే తరం కుర్రాళ్లలో ఒకరు కేంబ్రిడ్జ్‌లో తెల్లవాళ్ల ఓట్లతో పదవిలో కూర్చున్నారు, ఇంకొకరు గోదావరి ఒడ్డున బ్యాడ్జీ పెట్టుకున్నందుకు చదువు పోగొట్టుకున్నారు. బ్రిటిష్‌వాళ్లు తమ దేశంలో ఇచ్చిన స్వేచ్ఛ మన దేశంలో ఇవ్వలేదు, అంతే తేడా.

ఓడిపోయిన ఓటింగ్

ఇండియా వచ్చాక కట్టమంచి కొన్నాళ్లు బరోడాలో, తర్వాత మైసూరులో పనిచేశారు. మైసూర్ మహారాజా కాలేజీలో ప్రొఫెసర్, ప్రిన్సిపాల్. తర్వాత ఆ సంస్థానం విద్యాశాఖకే ఇన్‌స్పెక్టర్ జనరల్. అంటరానివాళ్లని దూరం పెట్టిన పిల్లలకు సర్కారు బడుల తలుపులు తెరిపించారు. చాలాచోట్ల గొడవలయ్యాయి, అయినా వెనక్కి తగ్గలేదు. ఈ మధ్యలోనే 1914లో కవిత్వతత్త్వ విచారము అనే విమర్శ పుస్తకం వచ్చింది. పాత కావ్యాలను మొహమాటం లేకుండా తూకం వేసిన పుస్తకం అది. పండితులు భగ్గుమన్నారు.

తర్వాత ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి దిగారు. మద్రాసు శాసనమండలికి వెళ్లారు. మొదట జస్టిస్ పార్టీ. వాళ్లతో పడక బయటికొచ్చి ప్రతిపక్షం వైపు కూర్చున్నారు. 1923 నవంబర్‌లో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. దేశంలో చట్టసభల్లో పెట్టిన తొలి అవిశ్వాస తీర్మానం ఇదేనంటారు. కేంబ్రిడ్జ్ హాల్లో నేర్చిన ఆట ఇప్పుడు నిజం సభలో ఆడినట్టయింది. ఫలితం? తీర్మానానికి అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65. ఓడిపోయారు.

ట్విస్ట్ ఏంటంటే, రెండున్నరేళ్లు తిరక్కుండానే ఆంధ్రుల కోసం పెట్టిన తొలి యూనివర్సిటీని ఆయన చేతిలో పెట్టారు. అప్పటికి మద్రాసులో ఇంకా అదే పానగల్ రాజా ప్రభుత్వం ఉంది! తమని దించాలని చూసిన మనిషికే ఆ బాధ్యత దక్కింది. ఈ రోజుల్లో ఇలాంటిది ఊహించుకోవడం కష్టమే.

బెజవాడలో నాలుగేళ్లు

ఆంధ్ర యూనివర్సిటీ బిల్లును మండలిలో పెట్టింది విద్యామంత్రి ఏపీ పాత్రో. 1925లో పాసైంది, 1926లో అమల్లోకి వచ్చింది. హెడ్‌క్వార్టర్స్ ఎక్కడ అన్నదాని మీద పెద్ద లొల్లి. బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, వైజాగ్ అని ఇంకొందరు. అనంతపురం పేరు కూడా వచ్చింది. ఆఖరికి బెజవాడతో మొదలుపెట్టారు. రైళ్లన్నీ కలిసే ఊరు కదా, ఏ జిల్లా నుంచైనా రావడం తేలిక.

కానీ సొంత భవనాలు లేవు. ఇంకా చెప్పాలంటే అప్పటికి బెజవాడలో డిగ్రీ కాలేజీయే లేదు. ఎస్‌ఆర్‌ఆర్ అండ్ సీవీఆర్ కాలేజీ వచ్చింది 1937లో, లయోలా అయితే 1953లో. యూనివర్సిటీ ముందొచ్చి, కాలేజీ తర్వాత వచ్చిన ఊరు మనది. మచిలీపట్నం నోబుల్ కాలేజీ, గుంటూరు ఏసీ కాలేజీ లాంటి పాత కాలేజీలే అప్పట్లో ఈ ప్రాంతం పిల్లలకు దిక్కు.

వీసీకి ఇంకో తలనొప్పి సొంత జిల్లాల నుంచే వచ్చింది. రాయలసీమ జిల్లాలు ఈ కొత్త యూనివర్సిటీ మాకొద్దు, మద్రాసుతోనే ఉంటాం అన్నాయి. అలాగే వెళ్లిపోయాయి కూడా. అందులో కట్టమంచి పుట్టిన చిత్తూరు కూడా ఉంది. సొంతూరి పిల్లలు చేరని యూనివర్సిటీకి ఆయన వీసీ.

యూనివర్సిటీ ఎంబ్లం చూసే ఉంటారు. ఉదయించే సూర్యుడు, రెండు పాములు, పద్మం. దాన్ని గీసింది మచిలీపట్నానికి చెందిన ఆర్టిస్ట్ కౌతా రామమోహనశాస్త్రి. పక్కన ఉండి ఆలోచన చెప్పింది కట్టమంచి. యూనివర్సిటీ వైజాగ్ వెళ్లిపోయినా ఆ సర్టిఫికెట్ల మీద కృష్ణా జిల్లా చేతిగీత ఇప్పటికీ ఉంది.

1930 సెప్టెంబర్‌లో యూనివర్సిటీ వాల్తేరుకి మారింది. సముద్రం ఒడ్డున కావాల్సినంత స్థలం. బెజవాడ మాత్రం చేతికొచ్చింది పోగొట్టుకుంది.

అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహం. మచిలీపట్నం కోనేరు సెంటర్‌లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్యనాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు. ఊరూరా లాఠీలు. ప్రభుత్వం జనం మీద ఇలా విరుచుకుపడుతుంటే ఆ ప్రభుత్వం కింద వీసీగా ఉండలేనని కట్టమంచి రాజీనామా ఇచ్చేశారు. తను నిలబెట్టిన యూనివర్సిటీ కొత్త చోట అప్పుడే అడుగుపెట్టింది. అలాంటి టైంలో వదిలి వచ్చేశారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌ వెళ్లాక కట్టమంచి మళ్లీ వీసీ అయ్యారు. ఈసారి 1949 దాకా కదల్లేదు. యుద్ధంలో వైజాగ్ మీద జపాన్ బాంబులు పడ్డాక 1942లో యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు. అలా కొన్నాళ్లు మళ్లీ కృష్ణ ఒడ్డు వైపు వచ్చిందన్నమాట.

అదే 1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి సర్ బిరుదు ఇచ్చింది. తీసుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమం నడిచిన ఏడాది అది. 1930లో లాఠీలు చూసి పదవి వదిలేసిన మనిషి, పన్నెండేళ్ల తర్వాత అదే సర్కారు బిరుదు పెట్టుకున్నారు. యూనివర్సిటీని కాపాడుకోవడానికి సర్కారుతో సర్దుకుపోయారని అనుకోవచ్చు. కానీ ఆ ఏడాది కాలేజీలు వదిలి జైళ్లకు వెళ్లిన కుర్రాళ్లకి ఇది మింగుడుపడి ఉండదు. ఆయన్ని ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి పక్కన పెట్టి రాయలేం.

పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అప్పటికి డెబ్బై ఏళ్లు. వైజాగ్‌లో యూనివర్సిటీ కాన్వొకేషన్ హాల్‌కి ఆయన పేరు పెట్టారు.

స్టూడెంట్ ఎలక్షన్ గెలిచి యూనివర్సిటీకి వీసీ అయిన మనిషి కథ ఇది. మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కొన్నిచోట్ల తప్ప మన స్టూడెంట్లకు బ్యాలెట్ బాక్స్ కనపడదు. గొడవలు, కొట్లాటలు పెరిగాయని ఆపారు. విజయవాడలో అప్పటి కాలేజీ గ్యాంగుల సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు. కాబట్టి ఆపడానికి కారణం లేకపోలేదు. అయితే ఇది రాస్తున్న నేను కూడా డిగ్రీ, పీజీ రెండూ చేశాను. క్లాస్ రిప్రజెంటేటివ్‌ని కూడా లెక్చరరే వేలు పెట్టి చూపించేవారు. నా మొదటి ఓటు నేరుగా అసెంబ్లీ ఎన్నికల్లోనే వేశాను.