మళ్లీ ఓనమాలు దిద్దిన ఖడ్గవీరుడు: యమఓకా తెస్షూ

బౌద్ధ స్మారక సంచికలో కత్తిసాము చేసినవాని చరిత్ర ఎందుకని పాఠకులు శంకించవచ్చు. శంక సమంజసమే. సమాధానం ఆ జీవితంలోనే ఉన్నందున దీనిని మేము ఎన్నుకొన్నాము.

తెస్షూ 1836లో, నేడు టోక్యోగా పిలువబడే ఎదో నగరంలో, షోగున్ కొలువుకు చెందిన సమురాయ్ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే కత్తి పట్టాడు. ఈటె విద్య నేర్పిన గురువు అకాలమరణం పొందగా, ఆయన సోదరిని వివాహమాడి యమఓకా అనే ఆ ఇంటిపేరు స్వీకరించాడు. సాములో అతని ఉద్ధృతికి వెరచి తోటివారు దయ్యమని పిలిచేవారు.

1863లో అసారి యోషిఅకి అనే ఆచార్యునితో తలపడ్డాడు. పైకి మృదువుగా కనిపించే ఆ వ్యక్తి చేతిలో ఓడి, అతనికే శిష్యుడయ్యాడు. బాలుడు ఓనమాలు దిద్దడంలో విశేషం లేదు. అతని పలక మీద చెరపవలసినదేదీ ఉండదు. పేరుప్రఖ్యాతులు గడించిన ఇరవయ్యేడేళ్ల వీరుడు మళ్లీ పలక పట్టడమే కష్టం. అసారి ఎదుట నిలిచిన ప్రతిసారీ తెస్షూ అడుగడుగునా వెనుకకు జరగవలసి వచ్చేది. రాత్రి కన్నులు మూసి ధ్యానంలో కూర్చున్నా ఆ మూర్తి కొండవలె ఎదుట నిలిచేది. ఆ స్థితి పదిహేడేండ్లు సాగింది.

మధ్యలో లోకం అతనిని గొప్పవానిగానే ఎంచింది. 1868లో చక్రవర్తి సేనలు ఎదోపైకి వస్తుండగా, అతడు శత్రుశిబిరానికి వెళ్లి సేనాని సైగో తకమోరితో సంధి మాటలాడాడు. కోట యుద్ధం లేకుండానే స్వాధీనమైంది. ఈ కీర్తి సాధారణంగా కత్సు కైషూకే దక్కుతుంది. తెస్షూకూ అందులో న్యాయమైన భాగముందని మా అభిప్రాయం. 1872 నుండి పదేళ్లపాటు మెయిజీ చక్రవర్తి పరివారంలో ఉన్నాడు. ఇంతటివాడూ అసారి ఎదుట నూతన విద్యార్థిగానే మిగిలాడు.

దారి కోసం తెన్ర్యూజీ మఠానికి చెందిన తెకిసుయి అనే జెన్ గురువును ఆశ్రయించాడు. జెన్ అన్న మాట మన ధ్యాన శబ్దానికి రూపాంతరమే. ఆ గురుపరంపరలో మన ఆచార్య నాగార్జునుడూ ఉన్నాడు. రెండు కత్తులు ఎదురైనపుడు తప్పుకొనే దారి లేని స్థితిని గురించిన ఒక ప్రశ్నను తెకిసుయి అతనికి ధ్యానవిషయంగా ఇచ్చాడు. 1880 మార్చి 30 వేకువన ధ్యానంలో ఉండగా అసారి మూర్తి అదృశ్యమైంది. తర్వాత ఇద్దరూ ఎదురుబొదురుగా నిలిచారు. అసారి దెబ్బ వేయకుండానే కత్తి దించి, తన సంప్రదాయ రహస్యాన్ని అప్పగించాడు.

తెస్షూ స్థాపించిన సంప్రదాయానికి ముతో అని పేరు. కత్తి లేనిదని అర్థం. కొట్టవలసిన ప్రత్యర్థి మనస్సులో లేనపుడు చేతిలోని కత్తికి పని లేదన్నది దాని భావం. అతని సాముశాలలో కొత్తవారికి మూడేళ్లపాటు పోటీలు లేవు. ముందుకు దూకి దెబ్బ వేయడమొక్కటే అభ్యాసం. గెలుపోటముల లెక్క లేని ఆ కాలం తిరిగి దొరకదు. అయినా దానినే శిక్షగా తలచి వెళ్లిపోయినవారు ఉండి ఉంటారు. నిలిచినవారికి పిమ్మట ఒకే దినాన రెండువందల పోటీల కఠిన పరీక్ష ఉండేది.

1883లో టోక్యోలోని యనకలో జెన్షోఅన్ ఆలయాన్ని నిర్మించాడు. ఉదరవ్యాధితో బాధపడుతూ 1888 జూలై 19న, పద్మాసనస్థుడై ధ్యానంలో ఉండగానే కన్నుమూశాడు. అతని సమాధి ఆ ఆలయంలోనే ఉంది.